ఈ-సంతకం నేర్చుకుందాం, పాఠం 3: ఆకుపచ్చ టిక్కును ఎప్పుడు నమ్మాలి?

పోయిన పాఠంలో హ్యాష్, ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ అంటూ మీ బుర్ర బాగానే తిన్నాను. ఇవాళ అవేం లేవు, పీడీఎఫ్ మీద ఉన్న డిజిటల్ సంతకం అసలైనదేనా అని కంప్యూటర్ ముందు కూర్చుని సరిచూసే పని మాత్రమే. సరిచూశాక సంతకం పక్కన వచ్చే గుర్తే ఆ ఆకుపచ్చ టిక్కు. ఒక చిన్న మాట: ఈ సంతకం ఫలానావారిదే అని చెప్పే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్‌ను కూడా పొట్టిగా డీఎస్సీ అనే అంటారు, కాబట్టి టీచర్ పోస్టుల కోసం ఇక్కడిదాకా వచ్చినవాళ్లుంటే క్షమించాలి.

మీ ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరవండి. ఫోన్‌లో వద్దు, చాలా ఫోన్ యాప్‌లు సంతకం బొమ్మను చూపిస్తాయే తప్ప సరిచూడవు. సంతకం ఉన్నచోట ప్రశ్నార్థకం కనిపిస్తే టెన్షన్ పడకండి. అది నకిలీ అని చెప్పడం లేదు, ఈ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లెవరో నాకు తెలియదు అంటోంది, అంతే. మనం పరిచయం చేయాలి.

సంతకం మీద క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, షో సైనర్స్ సర్టిఫికెట్ నొక్కండి. ఎడమవైపు మెట్లుమెట్లుగా కొన్ని పేర్లుంటాయి. అడుగున సంతకం చేసినవారు, వారిపైన సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ, అన్నిటికన్నా పైన సీసీఏ ఇండియా అని, పక్కన ఒక సంవత్సరం. సీసీఏ అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, ఐటీ చట్టం 2000లోని 17వ సెక్షన్ కింద కేంద్రం నియమించే అధికారి. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు లైసెన్సు ఇచ్చేది ఆయనే. ఆ పై మెట్టును ఎంచుకుని, ట్రస్ట్ ట్యాబ్‌లో యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ కొట్టి, మళ్లీ వాలిడేట్ చేయండి. ఆకుపచ్చ టిక్కు వస్తుంది.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. చాలామంది పై మెట్టు దాకా వెళ్లకుండా అడుగున ఉన్న పేరునే ట్రస్ట్ చేసేస్తారు, టిక్కు వచ్చేస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. నేను ఒకసారి సరదాకి మా పిల్లి పేరుతో అక్రోబాట్‌లోనే ఒక డిజిటల్ ఐడీ తయారుచేశాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు, దాంతో ఒక కాగితం మీద సంతకం పెట్టి దాన్నే ట్రస్ట్ చేస్తే పిల్లికి కూడా నిగనిగలాడే ఆకుపచ్చ టిక్కు వచ్చింది. అందుకే టిక్కుకన్నా ముందు పై మెట్టు చూడండి. అక్కడ సీసీఏ ఇండియా లేకుండా సంతకం చేసినవారి పేరే కనిపిస్తే, మన చట్టం లెక్కలో అది లైసెన్సున్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

మరి పెన్నుతో చేసిన సంతకాన్ని ఫొటో తీసి వర్డ్ ఫైల్లో అతికిస్తే? అది ఐటీ చట్టం చెప్పే ఎలక్ట్రానిక్ సంతకం కాదు. అలాగని ఒప్పందం చెల్లదని కూడా కాదు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయకూడదని 10ఏ సెక్షన్ చెబుతుంది. కాకపోతే ఎదుటివాడు "ఆ సంతకం నాది కాదండీ" అంటే నిరూపించుకోవాల్సింది మీరు. 15వ సెక్షన్ షరతులకు సరిపోయే సురక్షిత ఎలక్ట్రానిక్ సంతకమైతే, సంతకం పెట్టినవాడు ఒప్పుకునే పెట్టాడని కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని చూపించే బరువు వాడి మీద పడుతుంది. కోర్టు ఇలా భావించాలన్న నియమం ఇదివరకు సాక్ష్యాధారాల చట్టంలో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో ఉంది.

టిక్కు ఎంత పచ్చగా ఉన్నా పనికిరాని కాగితాలు కొన్ని ఉన్నాయి. వీలునామా, ట్రస్టు పత్రం ఐటీ చట్టం కిందికి రావు. మన ఊళ్లో రెవెన్యూ స్టాంపు అంటించి రాసుకునే ప్రో నోటు కూడా అంతే, బావమరిదికి అప్పిచ్చి ఆధార్ ఓటీపీతో ఈ-సంతకం పెట్టించి నోటు రాయించుకుంటానంటే కుదరదు. 2022లో చేసిన సవరణతో ఆర్‌బీఐ, సెబీ లాంటి వాటి నియంత్రణలో ఉన్న సంస్థలకు రాసే డిమాండ్ ప్రామిసరీ నోట్లకూ, పవర్ ఆఫ్ అటార్నీలకూ ఈ నిషేధం నుంచి మినహాయింపు వచ్చింది. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాన్ని కూడా అప్పుడే నిషేధ జాబితా నుంచి తీసేశారు. కానీ సేల్ డీడ్ రిజిస్ట్రేషన్ వేరే సంగతి, దానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అలాగే ఉంది.

హోంవర్కు: ఇప్పుడు టిక్కు తెచ్చుకున్న ఫైలునే ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి కొత్త ఫైలుగా దాచుకుని మళ్లీ తెరవండి. బొమ్మ ఉంటుంది, క్లిక్ చేస్తే ఏమీ రాదు. ఎందుకో రెండో పాఠం గుర్తుచేసుకుని మీరే రాసిపెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడినుంచే మొదలుపెట్టి, మీ డాంగిల్ (డీఎస్సీ ఉండే యూఎస్‌బీ పుల్ల) ఏళ్ల తరబడి ఆడిటర్ గారి సొరుగులో ఉంటే 42వ సెక్షన్ ఏమంటుందో చూద్దాం.