రాతికి చేత్తో బెజ్జం వేసి బోల్ట్ బిగించడం ఎలా?

పడిపోకుండా తాడు తగిలించుకోవడానికి రాతిలో బోల్ట్ దించడం బ్యాటరీ డ్రిల్‌తో చిటికెలో అయ్యే పని. దాన్ని రాక్ క్లైంబర్లు (కొండరాళ్లు ఎక్కేవాళ్లు) కొన్నిచోట్ల ఇంకా చేత్తోనే చేస్తారు. అమెరికాలో వైల్డర్‌నెస్‌గా (సహజస్థితిలో కాపాడాల్సినవిగా) ప్రకటించిన ప్రాంతాల్లో మోటారు పరికరాలు నిషిద్ధం. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఎక్కువ భాగం అలాంటిదే. అక్కడ సుత్తి, బిట్‌ను (రాతిని తొలిచే ఉక్కు ములుకును) పట్టే హోల్డర్, మణికట్టు బలం తప్ప వేరే దిక్కు లేదు.

ముందు అసలు బోల్ట్ అవసరమా అని చూడండి. రాతి బీటలో పెట్టి మళ్లీ తీసుకోగల గేర్ నిలబడితే బెజ్జం వేయొద్దు. 1970లో ఇటలీ క్లైంబర్ చెజారే మాయెస్త్రి దక్షిణ అమెరికా కొసన పటగోనియాలోని చెర్రో తొర్రె శిఖరం మీదికి పెట్రోలు కంప్రెసర్ చేరవేసి వందల బోల్టులు కొట్టాడు. అన్ని బోల్టులు కొట్టడం తప్పన్న గొడవ దశాబ్దాలు నడిచింది. 2012లో ఇద్దరు క్లైంబర్లు వాటిలో వందకు పైగా పీకేశారు. చేత్తో కొట్టేటప్పుడు ప్రతి బెజ్జానికీ చెమటోడ్చాలి కాబట్టి అనవసరమైనవి వేయబుద్ధి కాదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే.

తర్వాత సైజు. 1939లో న్యూ మెక్సికోలోని షిప్‌రాక్ ఎక్కిన బృందం అమెరికన్ క్లైంబింగ్‌లో తొలిసారి ఎక్స్‌పాన్షన్ బోల్టులు (బెజ్జంలో వెడల్పై బిగుసుకునేవి) వాడింది. 1958లో యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ కొండపై ‘నోస్’ అనే దారి చివరి గోడ మీద క్లైంబర్ వారెన్ హార్డింగ్ రాత్రంతా కొట్టి 28 బోల్టులు దించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు 1/4 అంగుళం బోల్టులే మామూలు, ఎందుకంటే సన్న బెజ్జం త్వరగా పడుతుంది. అదే లోతులో 1/2 అంగుళం బెజ్జానికి నాలుగింతల రాయి తీయాలి. అయినా ఇప్పుడు 3/8 అంగుళానికి తగ్గొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి. తుప్పు పట్టిన పాత 1/4 అంగుళం బోల్ట్ కనిపిస్తే దాన్ని నమ్మి వేలాడొద్దు.

ఇక చోటు. సుత్తితో రాతిని తట్టండి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే వదిలేయండి. అంచులకూ బీటలకూ దూరంగా ఉండండి. హ్యాంగర్ (బోల్ట్‌కు బిగించి తాడు కొక్కెం తగిలించే లోహపు పట్టీ) ఆనేచోటు చదునుగా ఉండాలి.

కళ్లద్దాలు, మాస్కు పెట్టుకున్నాకే మొదలుపెట్టండి, రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. బిట్‌కు బెజ్జం లోతు దగ్గర టేపు చుట్టండి. బిట్‌ను రాతి ముఖానికి లంబంగా (90 డిగ్రీల కోణంలో) ఆనించి, తేలిక దెబ్బలతో చిన్న గుంట పడనివ్వండి. ఆపైన దెబ్బ దెబ్బకూ బిట్‌ను కాస్త తిప్పుతూ ఉండాలి. తిప్పకపోతే అది ఇరుక్కుంటుంది, బెజ్జం గుండ్రంగా రాదు. బలంగా బాదడం కంటే ఒకే లయలో వరసగా కొట్టడమే పని చేస్తుంది. గ్రానైట్‌లో అరగంట దాటినా కంగారు పడొద్దు. మధ్యమధ్య సన్న గొట్టంతో దుమ్ము ఊదేయండి.

లోతు చాలాక బ్రష్‌తో లోపలంతా తోమి, మళ్లీ ఊదండి. దుమ్ము మిగిలితే బోల్ట్ పట్టు తగ్గుతుంది. హ్యాంగర్‌తో సహా బోల్ట్‌ను సుత్తితో దించి, తయారీదారు చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) నట్టు బిగించండి. బోల్ట్ బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంటే దాన్ని వాడకండి: పీకేసి, బెజ్జాన్ని ఎపాక్సీ జిగురుతో పూడ్చి, ఇంకోచోట వేయాలి. తొలి బెజ్జాలు మాత్రం నేల మీది బండకే, అనుభవజ్ఞుల ఎదుట వేయండి.