ఓడ ఆగే ఎనిమిది గంటల్లో పెనాంగ్ దీవిని సొంతంగా చూసి రావడం ఎలా

తిరుపతి రైల్వే స్టేషన్‌లో పొద్దున దిగి, రాత్రి బండికి తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని వచ్చే యాత్రికులను మనం రోజూ చూస్తూనే ఉంటాం. స్టేషన్ పక్కనే ఉంది కదా అని ముందు గోవిందరాజస్వామి గుడికి, ఆ తర్వాత తిరుచానూరుకు వెళ్లి, మధ్యాహ్నానికి కొండ ఎక్కినవారు బండి అందుకోవడానికి ఎంత ఆందోళన పడతారో, ముందు కొండకు వెళ్లి వచ్చి మిగిలిన సమయాన్ని ఊళ్లో గడిపినవారు ఎంత నిమ్మళంగా ఉంటారో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సింగపూర్‌లో బయలుదేరే క్రూయిజ్ ఓడ పెనాంగ్ దీవిలో ఆగినప్పుడు, ఓడ సంస్థ అమ్మే టూరు కొనకుండా సొంతంగా తిరిగి రావాలనుకునే మన ప్రాంతపు కుటుంబాలకు నేను మొదట చెప్పేది ఈ పద్ధతే: దూరాన ఉన్న కొండను ముందు చూడాలి, రేవును ఆనుకుని ఉన్న ఊరిని చివరికి ఉంచుకోవాలి.

పెనాంగ్ మలేషియా ద్వీపకల్పానికి వాయవ్యంగా, మలక్కా జలసంధిలో ఉన్న దీవి. మలయ్ భాషలో దాని పేరు పులావ్ పినాంగ్, అంటే పోకచెట్ల దీవి. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఇక్కడ దిగి నిలబెట్టిన ఊరే జార్జ్‌టౌన్; దాని పాత భాగాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ రేవు ఆ పాత ఊరి అంచునే ఉండడం వల్ల ఈ దీవి సొంతంగా తిరగడానికి అనువుగా ఉంటుంది. రేవు బయటికి నడిచి వస్తే, విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండిన గుర్తుగా కట్టిన అరవై అడుగుల గడియార స్తంభం, దానికి దగ్గరలోనే కార్న్‌వాలిస్ కోట కనిపిస్తాయి. అదే కౌలాలంపూర్ చూడాలని పోర్ట్ క్లాంగ్‌లో దిగితే నగరానికి రోడ్డు మీద చాలాసేపు పడుతుంది కాబట్టి అక్కడ నేను ఓడ సంస్థ టూరునే కొనమంటాను. లంకావి దీవిలో పెనాంగ్‌లో ఉన్నంత బస్సు సదుపాయం లేదు కాబట్టి అక్కడ ట్యాక్సీని పూట లెక్కన మాట్లాడుకోవడం మేలు. ప్రతి రేవులోనూ సొంతంగానే తిరగాలన్న పట్టుదల అవసరం లేదు. ఓడ ఆగే చోటుకు, మీరు చూడదలచిన చోటుకు మధ్య దూరం ఎంతో చూసి నిర్ణయించుకోవాలి.

ఇంటి దగ్గర చేయవలసిన పనుల్లో ముఖ్యమైనది కాగితాలు సరిచూసుకోవడం. చెన్నైలో విమానం ఎక్కి సింగపూర్‌లో దిగినప్పుడు ఒకసారి, ఓడ మలేషియా వెళ్లి తిరిగి వచ్చినప్పుడు మరొకసారి మీరు సింగపూర్‌లో ప్రవేశిస్తారు. కాబట్టి మీ సింగపూర్ వీసా ఒక్క ప్రవేశానికి ఇచ్చినదా, ఎక్కువసార్లు ప్రవేశించడానికి ఇచ్చినదా అన్నది టికెట్లు చేసిపెట్టిన ఏజెంటు మాట మీద కాక, వీసా కాగితం మీదే చదివి తెలుసుకోవాలి. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా అనుమతిస్తోంది; అయితే అది గడువు పెట్టి ఇచ్చిన సడలింపు కాబట్టి మీ ప్రయాణపు తేదీకి వర్తిస్తుందో లేదో బుకింగ్‌కు ముందు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైటులో చూసుకోవాలి. మలేషియాకు వచ్చేవారు ఆన్‌లైన్‌లో నింపవలసిన డిజిటల్ అరైవల్ కార్డును మీ ఓడ ప్రయాణికులు కూడా నింపాలా అన్నది ఓడ సంస్థనే అడగాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులను సిబ్బంది తమ దగ్గరే ఉంచుకుంటారు కాబట్టి, ఒక్కొక్కరి పాస్‌పోర్టు, వీసా నకళ్లు రెండేసి చొప్పున విడి సంచిలో పెట్టుకుంటే దీవిలో తిరిగేటప్పుడు దగ్గర ఉంటాయి.

రెండో పని ఫోను. పెనాంగ్‌లో ట్యాక్సీ పిలవడానికి అందరూ వాడేది గ్రాబ్ యాప్. అదే యాప్ సింగపూర్‌లోనూ పనిచేస్తుంది కాబట్టి, ఓడ ఎక్కడానికి ముందే సింగపూర్‌లో ఒక ప్రయాణం దానిపై చేసి చూస్తే, ఓటీపీ రాకపోవడం, కార్డు అంగీకరించకపోవడం వంటి చిక్కులన్నీ అక్కడే తీరిపోతాయి. జార్జ్‌టౌన్ మ్యాపును ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ముందే దించి పెట్టుకోవాలి. నడిసముద్రంలో ఉన్నంతసేపు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచడం తప్పనిసరి. ఓడ మీది శాటిలైట్ నెట్‌వర్కును ఫోను తనంతట తాను పట్టుకుంటే బిల్లు విపరీతంగా వస్తుంది. మలేషియా రింగిట్లను కొంత చిల్లరగా, చిన్న నోట్లుగా తీసుకోవాలి, ఎందుకంటే అక్కడి సిటీ బస్సుల్లో కండక్టరు ఉండడు, డ్రైవరు దగ్గర చిల్లర తిరిగి వస్తుందని నమ్ముకోలేము.

ఇక రోజును లెక్కగట్టుకునే పద్ధతి చెబుతాను. ఓడ బయలుదేరే సమయం వేరు, ప్రయాణికులందరూ ఓడలోకి చేరవలసిన సమయం వేరు. రెండోదాన్ని ఓడ వాళ్లు ఆల్ అబోర్డ్ అంటారు, అది సాధారణంగా బయలుదేరే సమయానికి అరగంట నుంచి గంట ముందుగా ఉంటుంది. మీ లెక్క ఆ ఆల్ అబోర్డ్ నుంచి వెనక్కి నడవాలి. అది సాయంత్రం నాలుగున్నర అనుకుంటే, మూడున్నరకు రేవు గేటు దగ్గర, రెండుకల్లా రేవు నుంచి నడవగలిగినంత దూరంలో ఉండాలి. ఓడ ఎనిమిదికి ఆగినా అనుమతులు పూర్తయి, వరుసలో నిలబడి బయటికి వచ్చేసరికి తొమ్మిది కావచ్చు, కాబట్టి దూరపు ప్రయాణానికి మీ చేతిలో నిజంగా మిగిలేది తొమ్మిది నుంచి రెండు వరకే. ఈ గంటలన్నీ ఓడ గడియారం ప్రకారం చూసుకోవాలి. సింగపూర్, పెనాంగ్ రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి, కానీ అదే ప్రయాణంలో ఓడ థాయిలాండ్‌లోని ఫుకెట్‌కూ వెళితే అక్కడి సమయం ఒక గంట వెనకకు పోతుంది. ఫోను తనంతట తాను మారిపోతుంది, ఓడ గడియారం మారవచ్చు, మారకపోవచ్చు. మేము మా అమ్మ చేతి గడియారాన్ని ఓడ సమయానికి తిప్పి పెట్టి, ఆ రోజంతా దాన్నే చూసుకున్నాము.

మన స్టేషన్ ముందర ఆటోవాళ్లు చుట్టుముట్టినట్టే, గేటు బయట ట్యాక్సీల వాళ్లు దీవి మొత్తం చూపిస్తామని ముందుకు వస్తారు. వారితో బేరం కుదరదని కాదు, కానీ ఎన్ని గంటలకు, ఎంతమందికి, ఎక్కడెక్కడ ఆగడానికి ఆ ధర అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. నలుగురు ఉన్న కుటుంబానికి వెళ్లేటప్పుడు గ్రాబ్, వచ్చేటప్పుడు బస్సు అని అనుకోకుండా, దాన్ని తిరగేసి వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు గ్రాబ్ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం: వెళ్లేటప్పుడు బస్సు ఆలస్యమైనా నష్టం లేదు, వచ్చేటప్పుడు ఆలస్యం పనికిరాదు. రేవు నుంచి సముద్రపు ఒడ్డున దక్షిణంగా పదిహేను నిమిషాల లోపు నడిస్తే వెల్డ్ కీ బస్‌స్టాండు వస్తుంది. బోర్డుల మీద దాన్ని జెటి అని రాస్తారు. అక్కడి నుంచి రాపిడ్ పెనాంగ్ సంస్థ 204 నంబరు బస్సు కొమ్తార్ అనే ఎత్తైన భవనం మీదుగా, ఎయిర్ ఇటామ్ అనే పేట దాటి కొండ కిందికి చేరుతుంది. బస్సు నుదుటన బుకిట్ బెండెరా అని ఉంటుంది. పెనాంగ్ హిల్‌కు అదే మలయ్ పేరు. బుకిట్ అంటే కొండ, జాలాన్ అంటే రోడ్డు, లెబుహ్ అంటే వీధి, తండాస్ అంటే మరుగుదొడ్డి అని తెలుసుకుంటే బోర్డులు చదవడానికి చాలు.

ఆ కొండను నేను ఇంతగా ముందుకు తేవడానికి కారణం ఉంది. దాని ఎత్తైన చోటు సముద్రమట్టానికి 833 మీటర్లు, అంటే ఇంచుమించు మన తిరుమల ఎత్తే. పైకి వెళ్లడానికి 1923లో పూర్తయిన ఫ్యునిక్యులర్ రైలు ఉంది: కొండ వాలు మీద వేసిన పట్టాల మీద పెట్టెను ఉక్కు తాడుతో పైకి లాగుతారు, ఒక పెట్టె ఎక్కుతుంటే రెండోది దిగుతూ దాని బరువును తూచి నిలబెడుతుంది. పూర్వం నడిమి స్టేషన్‌లో దిగి బండి మారవలసి వచ్చేది. 2011 నుంచి ఒకే బండి ఆగకుండా సుమారు 2 కిలోమీటర్ల దారిని కొద్ది నిమిషాల్లో ఎక్కిస్తోంది. పైన దిగగానే గాలి చల్లబడుతుంది. మా అమ్మ చెంగు కప్పుకుని, "కొండకు పోయినట్టే ఉండాది నాయనా" అన్నది. ఆ మాట నిజం. పిల్లలకు, పెద్దలకు ఒక పలుచని శాలువా తీసుకువెళ్లాలి. పైనుంచి జార్జ్‌టౌన్, జలసంధి, దాని మీద దీవిని ప్రధాన భూభాగంతో కలిపే వంతెన, తేటగా ఉన్న రోజున మీ ఓడ కూడా కనిపిస్తాయి. శిఖరం మీద మురుగన్ గుడి, ఒక మసీదు పక్కపక్కనే ఉన్నాయి. ఈ కొండ మీద రద్దీ పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది, మధ్యాహ్నం మబ్బు పట్టి వాన పడడం మామూలే. పొద్దున్నే వెళ్లమనడానికి ఇది మరో కారణం. టికెట్టులో మామూలు వరుస, ఫాస్ట్ లేన్ అని రెండు రకాలు ఉంటాయి. ఫాస్ట్ లేన్ ధర ఎక్కువే, కానీ క్యూ గంట దాటేలా కనిపిస్తే ఓడ ప్రయాణికుడు దాన్ని కొనడమే తెలివి. దిగడానికి కూడా క్యూ ఉంటుందని గుర్తుంచుకుని, పైన గంటన్నర కంటే ఎక్కువ ఉండకూడదు.

కొండ దిగి వెనక్కి వస్తే దారిలోనే ఎయిర్ ఇటామ్ వస్తుంది. అక్కడి కెక్ లోక్ సి బౌద్ధాలయం పెద్దది, మెట్లతో కూడుకున్నది. ఏడు అంతస్తుల గోపురంలో అడుగుభాగం చైనా పద్ధతిలో, నడుమ థాయ్ పద్ధతిలో, శిఖరం బర్మా పద్ధతిలో ఉంటుంది. దానికి పైన బౌద్ధుల కరుణాదేవత కువాన్ యిన్‌ది 30 మీటర్ల ఎత్తున్న కంచు విగ్రహం ఉంది, అక్కడికి వాలు లిఫ్టులో వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని కింది నుంచి నడిపించకుండా గ్రాబ్‌లో పై గేటు దాకా తీసుకువెళ్లడం మంచిది. ఒంటిగంట దాటితే ఈ ఆలయాన్ని వదిలేసి నేరుగా ఊరికి బయలుదేరాలి. ఎయిర్ ఇటామ్ రోడ్డు ఇరుకు. మేము తిరిగి వచ్చేటప్పుడు అరగంట పట్టవలసిన దారికి గంట పట్టింది, ముందుగా బయలుదేరాము కాబట్టి సరిపోయింది.

ఊళ్లోకి వచ్చాక గడియారం భయం తగ్గుతుంది. లిటిల్ ఇండియా రేవుకు పది, పదిహేను నిమిషాల నడక. చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు వారికి అరవం ఎలాగూ వస్తుంది కాబట్టి ఇక్కడ భాష అడ్డం రాదు. దుకాణాల్లో, హోటళ్లలో అందరూ అరవంలోనే మాట్లాడతారు. క్వీన్ వీధిలో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి ఉంది. నేను చెప్పిన "దూరం ముందు" పద్ధతికి ఈ ఒక్క గుడి మినహాయింపు, ఎందుకంటే మన గుళ్ల మాదిరే ఇక్కడా మధ్యాహ్నం తలుపులు మూస్తారు. దర్శనం కావాలంటే పొద్దున బస్సుకు వెళ్లేటప్పుడే లోపలికి వెళ్లి రావాలి. శాకాహారులు అరిటాకు భోజనం పెట్టే హోటల్లో "శైవం" అని అడిగి కూర్చుంటే చాలు. వీధి బండ్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం: కూరగాయల వంటకంలోనూ బెలాచన్ అనే ఎండురొయ్యల ముద్ద కలుపుతారు, అసామ్ లక్సా పులుసు చేపతో చేసినదే. కొబ్బరిపాలు, తాటిబెల్లం వేసి ఇచ్చే చెండోల్‌ను నిశ్చింతగా తినవచ్చు. ఓడలోని పండ్లు, వండిన పదార్థాలు సంచిలో వేసుకుని దిగకూడదు. రేవుల్లో సాధారణంగా వాటిని అనుమతించరు.

ఓడ సంస్థ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. ఆ రోజు ఓడలో ఇచ్చే కరపత్రం మీద రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇద్దరు పెద్దవాళ్ల జేబుల్లో పెట్టాలి. ఒకవేళ ఓడ వెళ్లిపోతే, మొదట ఆ ఏజెంటుకు ఫోను చేయాలి. పాస్‌పోర్టులు ఓడలో ఉంటే వాటిని సిబ్బంది ఏజెంటుకు అప్పగించారో లేదో అతనే చెబుతాడు. ఆ తర్వాత దీవికి దక్షిణాన ఉన్న బాయాన్ లెపాస్ విమానాశ్రయం నుంచి ఓడ చేరే తదుపరి రేవుకు మీ ఖర్చుతో వెళ్లవలసి వస్తుంది. రోజూ వేసుకునే మందులు ఓడ గదిలో వదలకుండా రెండు రోజులకు సరిపడా వెంట తెచ్చుకోవాలనడం ఇందుకే.

మీ ఓడ మధ్యాహ్నం వచ్చి రాత్రికి బయలుదేరేదైతే వరుస కొంచెం మారుతుంది. కెక్ లోక్ సిని సాయంత్రమే మూసేస్తారు కాబట్టి ముందు దాన్ని చూసి, ఆ తర్వాత కొండ ఎక్కాలి. చీకటి పడ్డాక కింద ఊరంతా దీపాలతో కనిపిస్తుంది. కొండ దిగగానే ఎక్కడా ఆగకుండా గ్రాబ్‌లో గడియార స్తంభం దగ్గరికి వచ్చి, సమయం మిగిలితే లిటిల్ ఇండియాలో టిఫిన్ చేసి, నడిచి రేవులోకి వెళ్లవచ్చు.