ఆడమ్స్ కొండ మీద స్కీయింగ్: గడియారం చూసుకుని ఎక్కాలి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో రిసార్టులో బాగా స్కీ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. లిఫ్టు లేని కొండ ఒకటి సొంతంగా ఎక్కి దిగాలనుంది అని ఎవరైనా అడిగితే నేను చెప్పే పేరు మౌంట్ ఆడమ్స్. వాషింగ్టన్ రాష్ట్రంలో రెయినియర్ తర్వాత ఇదే ఎత్తు, 12,276 అడుగులు. ఇక్కడి ఆదివాసులైన యాకమా ప్రజలు దీన్ని పాటో అంటారు, తూర్పు వైపు కొండ వాళ్లకు కేటాయించిన రిజర్వేషన్ భూమిలోనే ఉంది. మనం ఎక్కేది దక్షిణం నుంచి. ఆ దారిలో గ్లేషియర్ పగుళ్ల మధ్య నుంచి వెళ్లాల్సిన పని లేదు, తాళ్లు అక్కర్లేదు. అలాగని తేలిక అనుకోకండి. కింది నుంచి పైకి సుమారు 6,700 అడుగుల ఎక్కుడు, రానూపోనూ 12 మైళ్లు. స్కీలు సగం దూరం కాళ్ల కింద ఉంటే సగం దూరం వీపు మీద ఉంటాయి.

ముందు మీ సంగతి చూసుకోండి. రిసార్టులో బ్లాక్ డైమండ్ (బాగా కష్టమైనదని గుర్తు పెట్టిన) వాలును గట్టి మంచులో కూడా పడకుండా దిగగలరా? స్కిన్స్ (వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు) వేసుకుని మూడు నాలుగు వేల అడుగులు ఎక్కిన అలవాటుందా? జారిపోతుంటే ఐస్ యాక్స్‌తో (మంచులో గుచ్చే చిన్న గొడ్డలితో) ఆపుకోవడం ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా? మూడింటికీ అవునంటేనే ఈ కొండ. యూట్యూబ్ చూసి ఐస్ యాక్స్ పట్టడం వచ్చేసిందనేవాళ్లతో నేను వెళ్లను.

నెల జూన్. అంతకు ముందు మామూలుగా రోడ్డు తెరుచుకోదు, ఆ తర్వాత కింద మంచు కరిగిపోయి స్కీలు మోసే దూరం పెరుగుతుంది. ట్రౌట్ లేక్ ఊరి నుంచి 8040 నంబరు అటవీ రోడ్డు పట్టుకుని, చివర్లో గతుకుల మట్టిదారిలో కోల్డ్ స్ప్రింగ్స్ దాకా వెళ్లాలి. అది 5,600 అడుగుల ఎత్తు. రోడ్డు మీద ఎక్కడిదాకా మంచు ఉందో ఊళ్లోని రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. రెండు మైళ్ల ముందే కారు ఆగిపోతే ఆ రెండు మైళ్లూ మీ లెక్కలో కలవాలి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు 7,000 అడుగులు దాటేవాళ్లకు పర్మిట్ ఉండాలి, రిక్రియేషన్ డాట్ గవ్‌లో దొరుకుతుంది. మలం కిందికి తెచ్చుకునే సంచి కూడా తీసుకోండి. ముఖం చిట్లించకండి, పైన తవ్వి పూడ్చడానికి మట్టి లేదు, మీ తర్వాత వచ్చేవాళ్లు ఆ మంచునే కరిగించుకుని తాగుతారు.

ఇక అసలు విషయం. జూన్‌లో ఇక్కడ అందరూ వెతికేది కార్న్ స్నో. పగటి ఎండకు కరిగి, రాత్రి చలికి గడ్డకట్టి, అలా రోజుల తరబడి జరిగాక మంచు పైపొర ఇడ్లీ రవ్వలా గింజలు గింజలుగా తయారవుతుంది. పొద్దున అది ఐసు. స్కీ అంచులు ఆనవు, పడితే కింద రాళ్ల దాకా ఆగరు. ఎండ తగిలి పైన ఒక అంగుళం వదులయ్యేసరికి స్కీ దానంతటదే తిరుగుతుంది. ఇంకో గంటా రెండు గంటలు పోతే కాలు చీలమండ దాకా దిగబడుతుంది, పై పొర జారడం మొదలవుతుంది. ఆ మధ్యలో ఉన్న కాసేపటి కోసమే ఈ ప్రయాణమంతా.

అందుకే లెక్క వెనక నుంచి వేయండి. మనం దిగబోయే సౌత్‌వెస్ట్ చూట్స్ (నిటారుగా దిగే ఇరుకైన మంచు వాలులు) నైరుతికి తిరిగి ఉంటాయి కాబట్టి ఎండ ఆలస్యంగా పడుతుంది. మామూలు జూన్ రోజున అవి మెత్తబడేది పదకొండు, పన్నెండు గంటల మధ్య. మీరు గంటకు వెయ్యి అడుగులు ఎక్కగలిగితే చూట్స్ పైకి ఆరు గంటలు, ఆగిన సమయం కలిపి ఏడు. అంటే నాలుగు గంటలకల్లా నడక మొదలవ్వాలి. ఎనిమిది వందలే ఎక్కగలిగితే రెండున్నరకు. రాత్రి కారులోనే పడుకోవడం నా పద్ధతి. దారి మధ్యలో వచ్చే లంచ్ కౌంటర్ అనే చదును దగ్గర టెంటు వేసుకుంటే ఎత్తు అలవాటవుతుందన్నది నిజమే గానీ, స్కీలతో పాటు టెంటు, పొయ్యి కూడా మోస్తే మోకాళ్లు మర్నాటికి మిగలవు.

ముందురోజు వాతావరణ సూచనలో చూడాల్సింది వాన ఒక్కటే కాదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుందా? ఉంటే గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉన్నా మంచు తన వేడిని వదిలేసి గట్టిపడుతుంది. మబ్బు కమ్మి, ఫ్రీజింగ్ లెవెల్ (గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు) పన్నెండు వేల అడుగులు దాటితే రాత్రంతా గడ్డకట్టదు, ఆ రోజు వెళ్లకండి. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించిన రోజువారీ అవలాంచ్ బులెటిన్ వసంతంలోనే ఆగిపోతుంది, జూన్‌లో ఆ అంచనా మీదే. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ముగ్గురుంటే ముగ్గురి దగ్గరా ఉండాలి.

అడవి దాటాక స్కిన్స్ వేయండి. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉంటుంది, స్కీ క్రాంపాన్లు (మంచును పట్టుకునే ఇనుప పళ్లు) లేకపోతే ప్రతి అడుక్కీ వెనక్కి జారతారు. 9,000 అడుగులు దాటాక వచ్చే చదునే లంచ్ కౌంటర్, గాలికి అడ్డంగా పేర్చిన రాళ్ల గోడలు కనిపిస్తాయి. ఇక్కడ తినండి. నేను పులిహోర తీసుకెళ్తాను, చల్లారినా గొంతు దిగుతుంది, ఉప్పూ అందుతుంది. ఎనర్జీ బార్లు ఆ చలికి రాయవుతాయి. సన్‌స్క్రీన్ మళ్లీ రాయండి, ముక్కు కింద, గడ్డం కింద కూడా, ఎండ మంచు మీద పడి కింది నుంచి కొడుతుంది. "మన చామనఛాయకు ఏమవుతుందిలే" అన్న మా తమ్ముడు వారం రోజులు పెదాలు పగిలి మజ్జిగ తాగలేకపోయాడు.

అక్కడి నుంచి పైకర్స్ పీక్ దాకా రెండు వేల అడుగులకు పైగా ఒకటే వాలు. స్కీలు బ్యాగుకు కట్టేసి బూట్లకు క్రాంపాన్లు వేసి, చేతిలో ఐస్ యాక్స్ పట్టుకుని ముందువాళ్ల మెట్లలో ఎక్కండి. జనం కూర్చుని జారిన కాలువలో మాత్రం ఎక్కవద్దు, పైనుంచి వచ్చేవాడు ఆగలేడు. కింద నుంచి చూస్తే శిఖరం అదే అనిపిస్తుంది. కాదు. 11,657 అడుగుల దగ్గర పైకి చేరాక అసలు శిఖరం ఇంకా అవతల తెల్లగా నిలబడి ఉంటుంది. మా తమ్ముడు దాన్ని చూసి, "అక్కా, ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. చెబితే వచ్చేవాడు కాదు.

ఇక్కడ గడియారం చూడండి. శిఖరానికి పోయి రావడానికి గంటన్నర పెట్టుకోండి. పైన 1918–21లో కట్టిన ఫైర్ లుకౌట్ (కార్చిచ్చుల్ని కనిపెట్టే కాపలా) గుడిసె ఉంది, జూన్‌లో చాలావరకు మంచు కిందే. 1930లలో గంధకం తవ్వకాలప్పుడు గుర్రాల్ని, కంచర గాడిదల్ని అంత పైకీ ఎక్కించారు, అది తలుచుకుంటే మన ఆయాసం చిన్నదే. పదిన్నర లోపు పైకర్స్ చేరితే వెళ్లి రండి. పదకొండున్నర అయిందా, వదిలేయండి. చూట్స్ మొదలయ్యేది పైకర్స్ పక్కనుంచే, శిఖరం తొక్కకపోయినా స్కీయింగ్‌లో పోయేదేమీ లేదు.

పైకర్స్ నుంచి పడమరగా జరిగితే చూట్స్ నోళ్లు కనిపిస్తాయి. సుమారు 35 డిగ్రీల వాలు, నాలుగు వేల అడుగుల దిగుడు. అంచున నిలబడి పోలు గుచ్చి చూడండి. పైపైనే ఆగితే ఇంకా గట్టిగా ఉన్నట్టు, కాసేపు కూర్చోండి. అంగుళం దిగితే బయల్దేరండి. ఒకరి తర్వాత ఒకరు, పక్కకు తప్పుకుని ఆగాకే రెండోవాళ్లు. మలుపు తిరిగినప్పుడు లేచిన మంచు మీ వెంటే జారుతూ వస్తుంది, దాన్ని ముందుకు పోనివ్వండి. పొగమంచు కమ్మితే ఈ వైపు అసలు దిగకండి, ఎక్కిన దారినే జీపీఎస్ గీత పట్టుకుని వెనక్కి రండి.

చాలామంది చిక్కుకునేది చూట్ కింద. మంచు బాగుంది కదా అని అలా దిగుతూనే పోతారు. 7,500 అడుగుల దగ్గర నుంచే ఎత్తు వదలకుండా ఎడమకు అడ్డంగా సాగండి, రౌండ్ ది మౌంటెన్ కాలిబాట అందుకుంటే అది మిమ్మల్ని ఎక్కిన దారిలో కలుపుతుంది. ఇంకా కిందికి పోతే 2012 కార్చిచ్చులో కాలిన అడవి, పడిపోయిన మానుల మీదుగా స్కీలు మోసుకుంటూ గంటల తరబడి ఎక్కాలి. ఆ ఎడమ మలుపును ఇంట్లో ఉండగానే ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకోండి, ఆఫ్‌లైన్‌లో తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోండి.