టర్బో డీజిల్ పికప్‌కు ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి, ఎన్నాళ్ళకు మార్చాలి

సర్వీసు పుస్తకంలో 10,000 కి.మీ.లకు ఆయిల్ మార్చమని ఉంటే, అది మామూలు వాడకానికి చెప్పిన లెక్క. దుమ్ము రోడ్లు, నిండు లోడు, గంటల తరబడి ఐడ్లింగ్ (బండి నిలబడి ఉండగా ఇంజిన్ తిరగడం), ఆగి ఆగి నడిచే చిన్న ట్రిప్పులు ఉంటే ఇంకా ముందే మార్చమని అదే పుస్తకంలో ఇంకోచోట చిన్న అక్షరాల్లో ఉంటుంది. విడవలూరు, అల్లూరు రొయ్యల గుంటల గట్ల మీద తెల్లవార్లూ నిలబడే బండి, చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బండి, ఒంగోలు వేలం కేంద్రానికి పొగాకు బేళ్ళు మోసే బండి అన్నీ ఆ చిన్న అక్షరాల కిందికే వస్తాయి.

ఆయిల్ పాతబడితే ముందు దెబ్బ తినేది టర్బో, అంటే ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే భాగం. దాని షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. చాలా పికప్‌ల టర్బోల్లో బాల్ బేరింగులు ఉండవు. బుష్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఉన్న పల్చటి ఆయిల్ పొర మీదే అంతా తేలుతూ తిరుగుతుంది. దానికి ఒక పక్కన, నిండు లోడులో 600-700 డిగ్రీల వేడితో ఎగ్జాస్ట్ పొగ తగులుతూ ఉంటుంది. అలసిపోయిన ఆయిల్ అక్కడ మాడి, నల్లటి పెచ్చులుగా టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి ఫీడ్ పైపులో పేరుకుంటుంది. టర్బో లేని పాత బండ్లు ఏళ్ళ తరబడి భరించిన నిర్లక్ష్యాన్ని ఇవి భరించవు.

డబ్బా మీద ఏం చదవాలి

ఎక్కువమంది చూసేది 15డబ్ల్యూ-40 లాంటి గ్రేడు అంకె ఒక్కటే. దానికంటే ముందు చూడాల్సింది ఏపీఐ లేదా ఏసీఈఏ వరుస, అంటే ఆ అమెరికా, యూరప్ సంస్థల పేరుతో ఆయిల్ నాణ్యత చెప్పే కోడ్. ఎందుకంటే తప్పు ఆయిల్ పోస్తే ఖరీదైన నష్టం అక్కడే వస్తుంది.

బండి బీఎస్-4 అయి, సైలెన్సర్ వైపు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేకపోతే 15డబ్ల్యూ-40, ఏపీఐ సీఐ-4 లేదా సీఐ-4 ప్లస్ సరిపోతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్ల లెక్క వేరు. వీటిలో చాలావాటికి డీపీఎఫ్ ఉంటుంది. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్‌లోని అడిటివ్‌లు కాలాక మిగిలే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే బూడిద తక్కువగా ఉండే ఆయిల్ కావాలి. ఏపీఐ సీకే-4లో ఈ బూడిద (డబ్బా మీద సల్ఫేటెడ్ యాష్) 1.0 శాతం మించకూడదు. ఏసీఈఏ సీ3లో 0.8 శాతం మించకూడదు. ఈ రెండిట్లో ఏది వాడాలో, లేక కంపెనీ సొంత స్పెసిఫికేషన్ ఏదైనా అడుగుతోందో పుస్తకంలో చూడండి. బీఎస్-6 బండిలో పాత సీఐ-4 పోస్తే వెంటనే ఏమీ కాదు, అందుకే అలవాటైపోతుంది. డీపీఎఫ్ లైటు పదే పదే వెలగడం మొదలయ్యాక అసలు కారణం ఎవరికీ తట్టదు. తిరగేసి, సీకే-4ను బీఎస్-4 బండిలో పోయడంలో ఇబ్బంది లేదు. రెండు రకాల బండ్లూ ఉన్న ఇంట్లో ఒకే సీకే-4 డబ్బా కొనడం మంచి ఏర్పాటు.

ఎఫ్ఏ-4 అని రాసి ఉంటే ముట్టుకోవద్దు. అది పల్చటి ఆయిల్, దాని కోసమే తయారైన ఇంజిన్లకు మాత్రమే. ఎస్ఎన్, ఎస్‌పీ అని మాత్రమే ఉండి ‘సీ’తో మొదలయ్యే వరుస ఏదీ లేకపోతే అది పెట్రోలు బండి ఆయిల్.

ఇక గ్రేడు. ‘మన ఎండలకు 20డబ్ల్యూ-50 అయితే ఆగుతుంది’ అనే మాట మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. రోహిణీ కార్తెలో బయట 44 డిగ్రీలున్నా, సంక్రాంతికి 20 డిగ్రీలున్నా థర్మోస్టాట్ ఇంజిన్‌ను సుమారు 90 డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. ఆయిల్ పని చేసేది 100 డిగ్రీలు, ఆపైన. 40 గ్రేడు (15డబ్ల్యూ-40లో చివరి అంకె) ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటుంది, 30 గ్రేడుది 9.3 నుంచి 12.5 మధ్య. కంపెనీ బేరింగుల సందులు ఈ లెక్కలు చూసుకునే పెట్టింది. ఇంకా చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బో దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కొన్ని సెకన్లలోనే. పుస్తకం 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 రెండింటినీ ఒప్పుకుంటే, ఎప్పుడూ నిండు లోడుతో ఉదయగిరి వైపు ఎక్కుళ్ళు తిరిగే బండికి 40 గ్రేడే మేలు. 5డబ్ల్యూ-30 ఒక్కటే రాసి ఉంటే అదే పోయాలి, కాకపోతే సీ3 ఉన్న డబ్బా వెతకండి. సీ3లో వేడిలో కూడా ఆయిల్ పొర నిలబడే కనీస బలం ఎక్కువ.

సర్వో, హెచ్‌పీ, మ్యాక్, క్యాస్ట్రాల్, గల్ఫ్, షెల్ లేదా బండి కంపెనీ సొంత డబ్బా... బ్రాండు గురించి వాదించుకోవడం టైం దండగ. వరుస, గ్రేడు సరిపోతే చాలు. నకిలీ డబ్బా గురించి మాత్రం జాగ్రత్త పడాలి. ఆయిల్ కంపెనీ పెట్రోలు బంకులోనో, అధీకృత డీలరు దగ్గరో బిల్లుతో కొనండి. మూత కింద సీలు, తయారీ తేదీ, క్యూఆర్ కోడ్ చూడండి. ఖాళీ డబ్బాకు మేకుతో రంధ్రం పొడిచి గుజిరీకి వేయండి. నకిలీ ఆయిల్ నింపేది ఆ ఖాళీ డబ్బాల్లోనే.

మీటరు చూపించని గంటలు

బండి కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆయిల్ పాతబడుతూనే ఉంటుంది, కి.మీ. మీటరు మాత్రం కదలదు. ఒక గంట ఐడ్లింగ్‌ను 40 కి.మీ.గా లెక్క కట్టడం పనికొచ్చే పద్ధతి. రోజుకు 100 కి.మీ. తిరిగి, రొయ్యల పట్టుబడి దగ్గర లైట్ల కోసమో, లోడింగ్ క్యూలోనో 3 గంటలు ఇంజిన్ ఆన్‌లో ఉండే బండిని తీసుకోండి. 100కు 120 కలిపితే రోజుకు 220 కి.మీ. అరుగుదల. 10,000 కి.మీ.ల ఆయిల్ 45 రోజుల్లో అయిపోతుంది, అప్పటికి మీటరు మీద పెరిగింది 4,500 మాత్రమే. ఇలా గంటలు కలిపి లెక్కేశాక, దుమ్ము తక్కువైతే కింద చెప్పే సగం లెక్క మళ్ళీ వేయక్కర్లేదు.

గంటల లెక్క పెట్టుకోలేకపోతే సులువు మార్గం: చేపలు, రొయ్యలు, కంకర, గ్రానైటు పనులకు తిరిగే బండికి పుస్తకంలోని అంకెలో సగానికే మార్చేయడం. జాతీయ రహదారి మీద నెల్లూరు, ఒంగోలు, విజయవాడల మధ్య సాఫీగా తిరిగే బండికి పుస్తకం అంకె చాలు, తొందరపడితే డబ్బు దండగే. మామిడి, పొగాకు సీజన్లలోనే తిరిగి మిగతా నెలలు షెడ్డులో ఉండే బండికి కి.మీ. ఎంత తక్కువైనా ఏడాదికోసారి తప్పదు. సీజను అయిపోయి బండి పెట్టే ముందు మార్చడం మంచిది. వాడిన ఆయిల్‌లోని తేమ, ఆమ్లాలు నెలల తరబడి బేరింగుల మీద కూర్చోకుండా ఉంటాయి.

రంగు చూసి నిర్ణయించొద్దు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొన్ని వందల కి.మీ.లకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం దాని పని. గేజీ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద చూడాల్సినవి వేరే ఉన్నాయి. మట్టం తగ్గుతుంటే లీకో, కాలడమో. మట్టం పెరుగుతుంటే అంతకంటే ప్రమాదం, చాలాసార్లు ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం. డీపీఎఫ్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ కొడతాయి. బండి ప్రతిసారీ మధ్యలోనే ఆపేస్తే ఆ డీజిల్ సిలిండర్ గోడల వెంట కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. ఊళ్ళో చిన్న ట్రిప్పులే తిరిగే బీఎస్-6 బండిని వారానికోసారైనా హైవే మీద గంటకు 60 కి.మీ. వేగానికి తగ్గకుండా అరగంట నడపండి. గేజీ పై గీత దాటి డీజిల్ వాసన వస్తుంటే కి.మీ. ఎన్నైనా కానీ ఆయిల్ మార్చాల్సిందే. ఆ తర్వాత కూడా పెరిగితే ఇంజెక్టర్లు పరీక్ష చేయించాలి. కార్తీకంలో వానలకు నీళ్ళు దాటించిన బండిలో ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే స్టార్ట్ చేయకుండానే దించేయాలి.

మార్చే పద్ధతి

బండిని చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. ఇంజిన్ పది నిమిషాలు తిప్పి ఆపి, ఇంకో పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చగా ఉన్న ఆయిల్ మసిని కూడా తీసుకుని దిగుతుంది. పై మూత వదులు చేసి, రింగ్ స్పానర్‌తోనే డ్రైన్ బోల్టు విప్పండి. అడ్జస్టబుల్ స్పానర్ మూలలు అరగ్గొడుతుంది. ఉప్పు గాలి తగిలే ముత్తుకూరు, కొత్తపట్నం వైపు బండ్లకు బోల్టు తుప్పుపట్టి ఉంటే ముందు రోజే రస్ట్ స్ప్రే కొట్టి వదలాలి. చివరి చుక్కల దాకా 20 నిమిషాలు కారనివ్వండి. బోల్టుకు కొత్త వాషర్ వేసి, పుస్తకంలోని టార్కుకే బిగించండి. అల్యూమినియం ఛాంబర్‌లో బలం చూపిస్తే మరలు పోయి, ఛాంబరే మార్చాల్సి వస్తుంది.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలి. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే మొదటి యాక్సిలరేటర్‌కే ఆయిల్ మొత్తం బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకు ఆయిల్ రాసి, అది తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తో తిప్పితే చాలు.

పికప్ ఇంజిన్లలో ఆయిల్ సాధారణంగా 5 నుంచి 7 లీటర్ల మధ్య పడుతుంది, మీ బండి అంకె పుస్తకంలో ఉంటుంది. అంతకు అర లీటరు తక్కువ పోసి స్టార్ట్ చేయండి. ఆయిల్ లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. పది సెకన్లు దాటినా ఆరకపోతే వెంటనే ఆపాలి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, ఆపి, పది నిమిషాల తర్వాత గేజీ చూసి మిగతాది కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటించొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) గుండా గాలి పీల్చే ఇంటేక్‌లోకి తోస్తుంది. ఆ ఆయిల్‌నే ఇంధనంగా తీసుకుని ఇంజిన్ తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. డిస్‌ప్లేలో సర్వీసు కౌంటర్ ఉంటే రీసెట్ చేయండి. దించిన ఆయిల్‌ను కాలవలోనో గుంట పక్కనో పారబోయొద్దు. మూత గట్టిగా పెట్టి, వాడిన ఆయిల్ సేకరించే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

క్వారీ బండ్లకు ఎయిర్ ఫిల్టర్ కూడా ఆయిల్ లెక్కలో భాగమే. ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్ళే రబ్బరు పైపు క్లిప్పు వదులైతే గ్రానైటు పొడి నేరుగా లోపలికి పోయి, ముందు టర్బో రెక్కలను, తర్వాత పిస్టన్ రింగులను గరగరా గీకేస్తుంది. ఎంత మంచి ఆయిల్ పోసినా దానికి మందు లేదు. బయటినుంచి గాలి కొట్టి దులిపితే పొడి కాగితంలోకి ఇంకా లోతుగా దిగుతుంది.

టర్బో పోయినప్పుడు

నీలి పొగ, విజిల్ లాంటి శబ్దం, లాగుడు తగ్గడం కనిపిస్తే టర్బో మార్చేస్తారు. అది ఎందుకు పోయిందో చూడరు, కొత్తదీ కొన్నాళ్ళకే పోతుంది. ముందుగా ఆయిల్ ఫీడ్ పైపును కడగడం కాదు, కొత్తదే వేయండి. ఆ పైపును బిగించే బాంజో బోల్టు రంధ్రంలో, ఆయిల్ వెనక్కి దిగే రిటర్న్ పైపులో మసి పెచ్చులు ఉన్నాయేమో చూడండి. రిటర్న్ పైపు మూసుకుపోయినా, బ్రీదర్ అడ్డుపడినా టర్బో బాగున్నా సరే ఆయిల్ సీలు దాటి పొగ వస్తుంది. ఛాంబర్ విప్పి స్ట్రెయినర్ జాలీ శుభ్రం చేసి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో నిలిచిన పాత ఆయిల్ దించేయాలి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాక, ఫీడ్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి టర్బో లోపలి చక్రాన్ని వేలితో నాలుగు చుట్లు తిప్పండి. తర్వాత ఇంజిన్ అందుకోకుండా డీజిల్ ఆపి, సెల్ఫ్‌ను పదేసి సెకన్ల చొప్పున, మధ్యలో ఆగుతూ, ఆయిల్ లైటు ఆరేదాకా కొట్టాలి. స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, పైపుల జాయింట్ల దగ్గర ఎక్కడైనా తడి ఉందేమో చూసుకుని బండి కదిలించండి.