కాల్చిన చెక్కతో కొత్త గదికి గోడ: ఎలా చేయాలి?

కంచె గుంజ పాతేముందు దాని కింది కొసను మంటలో కాల్చడం పల్లెల్లో పాత పద్ధతే. కాలిన చెక్కకు చెద అంత తొందరగా పట్టదంటారు. జపాన్‌లో గోడల మీద వేసే పలకలనే ఇలా కాలుస్తారు. దాన్ని యాకిసుగి అంటారు. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పక్కన కొత్తగా వేసిన గదికి నేనూ ఇదే చేయించాను.

ముందు గోడ ఎంచుకోండి. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన దగ్గర పడమటి గోడ వద్దు. నల్ల రంగు ఎండనంతా లాగి పలకలు పగులుతాయి. ఉత్తరం వైపు గానీ, చెట్టు నీడ పడే వైపు గానీ అయితే మంచిది.

ఇక చెక్క. టేకును కాల్చడమంటే నోట్లు కాల్చినట్టే. టింబర్ డిపోలో పైన్ లాంటి మెత్తటి, బాగా ఆరిన చెక్క అడగండి. మందం ఒక అంగుళానికి తగ్గొద్దు. నేను డబ్బులు మిగులుతాయని అర అంగుళం పలకలు తెచ్చాను. ఒకవైపే వేడి తగలడంతో మొదటి నాలుగూ దోనెల్లా వంగిపోయాయి.

జపాన్‌లో మూడు పలకలను పొగగొట్టంలా కట్టి లోపల మంట పెట్టేవాళ్లు. మనకు గ్యాస్ బర్నర్ చాలు. స్లాబు మీద తారు షీటు అతికించేవాళ్ల దగ్గర ఉంటుంది. వంటింటి సిలిండర్ దీనికి వాడకూడదు, కమర్షియల్‌దే తీసుకోండి. గాలి లేని పొద్దున పూట, గడ్డివాములకు దూరంగా, పక్కన నీళ్ల పైపు పెట్టుకుని మొదలుపెట్టండి. మంటను ఒకేచోట నిలపకుండా మెల్లగా జరపాలి. ముందు గోధుమ రంగు, తర్వాత నలుపు, ఆ తర్వాత చిటపటమంటూ మొసలి వీపులా పొలుసులు లేస్తాయి. మేకుతో గీకి చూడండి, బొగ్గు రెండు మూడు మిల్లీమీటర్లుంటే ఆపి నీళ్లు చల్లండి.

రెండు రోజులు ఆరాక ఇనుప బ్రష్‌తో వదులు బొగ్గు దులపండి. లేకపోతే గోడకు ఆనుకున్న ప్రతి తెల్ల చొక్కాకూ మసే. కాలింది ముందు వైపు మాత్రమే కాబట్టి చెద వచ్చేది వెనక నుంచే. వెనక వైపు, కోసిన కొసలకు చెదల మందు పూయాలి. మందు పూసిన చెక్కను మాత్రం కాల్చకండి, ఆ పొగ విషం.

అసలు పని బిగించడంలో ఉంది. మా వడ్రంగి పలకలు నేరుగా గోడకే కొడదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. గోడకు నిలువుగా అంగుళం మందం బద్దెలు కొట్టి, వాటిమీద పలకలు అడ్డంగా, పైది కింది దాని మీద కాస్త ఎక్కేలా వేయాలి. అప్పుడు వెనక గాలి కింది నుంచి పైకి ఆడి తడి ఆరిపోతుంది. కింద, పైన ఆ సందుకు సన్న జాలీ కొట్టండి, లేకపోతే తేళ్లు కాపురం పెడతాయి. నేలకూ మొదటి పలకకూ జానెడు ఎడం ఉండాలి. వానకు ఎగిరే ఎర్రమట్టి తగలదు, చెద పుట్ట లేస్తే కనబడుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి, ముందుగా డ్రిల్లు వేసి బిగించండి.

చివర్లో అవిసె నూనె రెండు పూతలు వేయండి. పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, అగ్గిపుల్ల లేకుండానే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచి, తర్వాత విడివిడిగా బయట పరిచి ఆరనివ్వండి.