డిస్కులో చోటున్నా టేబుల్‌స్పేస్ నిండితే: ఒరాకిల్ డేటాఫైల్ పరిమితిని ముందే లెక్కగట్టడం ఎలా?

ఒరాకిల్ డేటాబేస్‌లో డిస్కు సగం ఖాళీగా ఉండగానే ఓఆర్ఏ-01653 ఎర్రర్ వచ్చి టేబుల్ పెరగడం ఆగిపోతే, ముందుగా చూడవలసింది డేటాఫైల్ (డేటాను డిస్కులో దాచే ఫైలు) గరిష్ఠ పరిమాణాన్ని. అలాంటి ఫైళ్లతో ఏర్పడే నిల్వ విభాగమే టేబుల్‌స్పేస్. స్మాల్‌ఫైల్ రకం టేబుల్‌స్పేస్‌లో రో-ఐడీ (వరుస చిరునామా)లోని బ్లాకు (ఒరాకిల్ డేటాను దాచే కనిష్ఠ ముక్క) సంఖ్యకు 22 బిట్లే కేటాయించినందున ఒక్కో ఫైలులో దాదాపు 41.9 లక్షల బ్లాకులకు మించి పట్టవు. బ్లాకు 8 కేబీ అయితే ఫైలు 32 జీబీకి కాస్త ముందే ఆగుతుంది. 16 కేబీ అయితే 64 జీబీ వరకు వెళ్తుంది. ఫైలు దానంతటదే పెరిగేలా చేసే ఆటోఎక్స్‌టెండ్‌తో పాటు మాక్స్‌సైజ్ అన్‌లిమిటెడ్ అని ఇచ్చినా ఈ హద్దు మారదు. నా దృష్టిలో ఆ అన్‌లిమిటెడ్ అన్న మాట చేసినంత చేటు మరే సెట్టింగూ చేయదు.

డీబీఏ_డేటా_ఫైల్స్ వ్యూలో బైట్స్, మాక్స్‌బైట్స్, ఆటోఎక్స్‌టెన్సిబుల్ కాలమ్‌లను తీసుకోండి. ఆటోఎక్స్‌టెండ్ లేని ఫైలుకు మాక్స్‌బైట్స్ సున్నాగా కనిపిస్తుంది. చేత్తో రీసైజ్ చేసిన ఫైలు కొన్నిసార్లు తన మాక్స్‌బైట్స్‌నే దాటి ఉంటుంది. అందువల్ల ప్రతి ఫైలుకూ బైట్స్, మాక్స్‌బైట్స్ రెండింటిలో పెద్ద సంఖ్యను ఎంచుకుని, టేబుల్‌స్పేస్ వారీగా కూడితే అసలు గరిష్ఠ సామర్థ్యం వస్తుంది. అందులోంచి డీబీఏ_సెగ్మెంట్స్ చూపే వాడకాన్ని తీసివేస్తే ఇంకా ఎంత పెరగగలదో తెలుస్తుంది, అయితే ఫైళ్లన్నీ ఆ మేరకు పెరిగితే డిస్కు చాలుతుందా అన్నది విడిగా సరిచూడాలి. పాత వరుసలను డిలీట్ చేసినంత మాత్రాన ఫైలు చిన్నదవదని కూడా గుర్తుంచుకోవాలి.

మిగిలినది తక్కువైతే ఆల్టర్ టేబుల్‌స్పేస్ ఆదేశంతో మరో డేటాఫైల్‌ను జతచేయడమే తేలికైన మార్గం. అనేక టీబీలకు పెరిగే డేటాకు ఒకే పెద్ద ఫైలుతో ఉండే బిగ్‌ఫైల్ టేబుల్‌స్పేస్ మేలు. 8 కేబీ బ్లాకుతో ఒకే ఫైలు 32 టీబీ వరకు పెరుగుతుంది. కానీ దానికి రెండో ఫైలు చేర్చడం కుదరదు, బ్యాకప్‌ను ఒరాకిల్ బ్యాకప్ సాధనమైన ఆర్‌మ్యాన్‌లో సెక్షన్ సైజ్‌తో ముక్కలు చేయకపోతే ఆ ఒక్క ఫైలుకే గంటలు పట్టవచ్చు.

ఫైళ్లు చేరుస్తూ పోయేవారు, డేటాబేస్‌లో ఎన్ని డేటాఫైళ్లు ఉండవచ్చో నిర్ణయించే డీబీ_ఫైల్స్ పారామీటర్‌ను మరవకూడదు. దాని డిఫాల్ట్ విలువ 200. అది నిండితే ఓఆర్ఏ-00059 వస్తుంది, పెంచాలంటే డేటాబేస్‌ను రీస్టార్ట్ చేయవలసిందే. స్టాండ్‌బై (ప్రధాన డేటాబేస్‌కు నకలు) ఉన్నచోట స్టాండ్‌బై_ఫైల్_మేనేజ్‌మెంట్ ఆటోలో ఉందో లేదో ఫైలు చేర్చే ముందే చూడాలి. లేకుంటే కొత్త ఫైలు స్టాండ్‌బైలో తయారుకాక, ప్రధాన డేటాబేస్ మార్పులను అక్కడ అమలుచేసే రీడో అప్లై ఆగిపోతుంది.