రెండు పౌనఃపున్య విభాజనాల దూరం లెక్కించే ముందు

అమీర్‌పేట, ఉప్పల్ మెట్రో స్టేషన్లలో గంటగంటకూ రైలెక్కేవాళ్ల లెక్కలు మీ చేతిలో ఉన్నాయనుకుందాం. ఏ గంటకు ఎంతమందో చూపే ఇలాంటి పట్టికే పౌనఃపున్య విభాజనం; రెండూ ఎంత వేరుగా ఉన్నాయో ఒక అంకెలో చెప్పడమే వాటి దూరం. కోడ్ రాయకముందే ఇవి చూసుకోండి.

తరగతులు, అంటే పట్టికలో గడులు, రెండింటికీ ఒకటేనా? ఒకదాంట్లో గంటకో గడి, ఇంకోదాంట్లో అరగంటకో గడి ఉంటే వచ్చే అంకెకు అర్థం లేదు. ఎవరూ ఎక్కని గంటను వదిలేయకండి, సున్నా వేయండి. లేకపోతే ఆ తర్వాతి గడులన్నీ ఒకటి జరుగుతాయి.

ఆ సున్నాతోనే అసలు టెన్షన్. ఒక విభాజనం ఇంకోదానికి ఎంత భిన్నమో చెప్పే కుల్‌బాక్-లైబ్లర్ కొలతలో రెండో విభాజనంలో సున్నా ఉండి, మొదటిదాంట్లో లేకపోతే జవాబు అనంతం. పైగా అటూ ఇటూ మారిస్తే విలువ కూడా మారిపోతుంది, దాన్ని దూరం అనడమే సరికాదు. ప్రతి గడికీ చిన్న విలువ కలిపి నెట్టుకొస్తే, ఎంత కలిపారో రాసి పెట్టుకోండి. నేనైతే అటూ ఇటూ మార్చినా మారని, సున్నాలున్నా అనంతం కాని జెన్సెన్-షానన్ కొలత వైపే మొగ్గుతాను.

అక్కడా ఒక మెలిక ఉంది. పైథాన్ గణిత లైబ్రరీ సైపైలో దీని ఫంక్షన్ ఇచ్చేది ఆ కొలతకు వర్గమూలం. లాగరిథమ్‌కి బేస్ 2 అని చెప్పకపోతే గరిష్ఠం 1 కాదు, సుమారు 0.833.

ఉదయం 9 గంటల రద్దీ 10కి జరిగిందా, సాయంత్రం 6కా అన్నది ముఖ్యమైతే, లెక్క ఎంత దూరం జరిగిందో కూడా చూసే వాసర్‌స్టైన్ దూరం వాడాలి. సైపైలో ఆ ఫంక్షన్‌కి ఇచ్చే విలువల్లో మొదటి రెండు స్థానాలు గంటలకి, తర్వాతి రెండు లెక్కలకి. లెక్కల్నే ముందు పెట్టేస్తే ఎర్రర్ రాదు, తప్పు జవాబు హాయిగా వచ్చేస్తుంది. నాకు ఒక పూటంతా అలాగే పోయింది.

రెండింటి మధ్య తేడా యాదృచ్ఛికమేనా అని చూసే కై-స్క్వేర్ పరీక్షకు మాత్రం శాతాలు కాదు, అసలు లెక్కలే ఇవ్వండి.